పసుపు పెట్టిన డీవీడీ

తమిళం మాట్లాడే లాస్‌పేటలో ఒక కంప్యూటర్ షాపు. సుధాకరన్, అతని వదిన నాగకుమారి.

“చదవడం లే వదినా. రెండు డ్రైవుల్లో వేసి చూసినా. డిస్కు పోయుండాది.”

“మొన్నటిదాకా బాగానే ఆడింది కదా, సుధాకర్?”

“పాతది గదా. ఫంగస్ పట్టేసుంటాది. ఏం చేసేది.”

“ఇలాగియ్యి... ఫంగస్ ఇలా గీతలు గీస్తుందేంటి? మేకుతో గీకినట్టుంది.”

“డ్రైవులో లెన్సు తగిలుంటాది.”

“డిస్కు తిరిగేది గుండ్రంగా. ఈ గీతలు అడ్డంగా ఉన్నాయి.”

“ఉండు, స్పీకర్లు తగ్గిస్తా. నువ్వు చెప్పేది వినబడలే.”

“వినబడింది నీకు. ఎల్లుండి కోర్టు. ఊరికే కలిసున్నాం, పెళ్ళే జరగలేదంటున్నాడు మీ అన్న. యానాంలో జరిగిందనడానికి నా దగ్గరున్నది పెళ్ళి డీవీడీ ఒక్కటే. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించమని నీకిచ్చేను. మరిదివి కదా అని.”

“నేనేం చేసినా వదినా?”

“గీకలేదని మీ అమ్మ మీద ఒట్టెయ్యి.”

“అమ్మనెందుకు లాగేది ఇందులోకి?”

“ఒట్టెయ్యి.”

“సరే, అమ్మ మీద ఒట్టు. గీకలే. చాలా?”

“అత్తయ్య బతికుంటే నీ చెంప పగలగొట్టేది.”

“ఉంటే కొట్టించుకుందును. అమ్మ గొంతే మరిచిపోతా ఉండా వదినా. ఆమె గొంతుండే వీడియో ఒకటీ లే, ఏమీ లే.”

“ఎందుకు గీకేవు?”

“ఉండు, షట్టరు దించొస్తా.”

“నిన్నే.”

“షాపు అన్న పేరు మీద ఉండాది. ఖాళీ చెయ్యమంటే యాడికి పోయేది? ‘మీ వదిన ఏదో ఇచ్చిందంట గదా, చూసుకో’ అన్నాడు. అంతే అన్నాడు.”

“గీకేముందు ఒకసారి పెట్టి చూడలేదా?”

“చూడబుద్ధి కాలే. ఆ పెళ్ళిలో అన్నకు గొడుగు పట్టింది నేనే గదా.”

“కవర్లో రెండిచ్చేను. రెండోది నీకు, నీ పెళ్ళి కానుక అని చెప్పేను. అదీ గీకేవా?”

“లేలే, దాన్ని తీయనే లే. ఇదే మీ పెళ్ళిదని చూస్తానే తెలిసింది. పసుపు కుంకుమ పెట్టుండాది గదా.”

“మీద రాసుంది, చదవలేదా?”

“తెలుగులో రాసుంటే నాకేం తెలుసు? ఇంట్లో మాట్లాడేదే గాని, మేము చదివింది తమిళం గదా.”

“ఆ రెండోది డ్రైవులో పెట్టు.”

“ఇప్పుడు అదెందుకు...”

“పెట్టు.”

“పెడతా ఉండా... నాదస్వరం వస్తా ఉండాది. వదినా, ఇది... ఇదే మీ పెళ్ళి. అన్న, నువ్వు. ఇదో, గొడుగు పట్టుకోని నేను. దేవుడా, నీ కేసు పోలే వదినా. ఇప్పుడే ఎక్కించేస్తా. అన్న ఏమన్నా అననీ.”

“ఎక్కించు.”

“కోపంగా ఉండావా?”

“ఎక్కించు సుధాకర్.”

“మరి నేను గీకింది ఏంది? దానికి పసుపెందుకు పెట్టినావు?”

“ప్రతి అమావాస్యకీ అత్తయ్య ఫోటోకి పెడుతూ దానికీ పెడతాను. ఆవిడ మంచాన పడ్డప్పుడు ఫ్యాను ఆపేసి, మైకు నోటి దగ్గర పట్టుకుని రికార్డు చేసేను. రికార్డు చేసిన కంప్యూటర్ మీ అన్న అమ్మేసేడు, ఇంకో కాపీ లేదు. మీద ఏం రాసేనో విను: ‘చిన్నోడి పెళ్ళికి, అమ్మ పాడిన పాటలు.’”