లలిత్ బాబు చేసిన తుపాకీ

మెటియాబ్రుజ్‌లో దర్జీ మిషన్ల రొద మధ్య ఒక ఇరుకు వరండా. మునిసిపాలిటీ నీళ్ల పంపుల దగ్గర ముప్పయ్యారేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన గురువులు ముక్కాలిపీట మీద కూచున్నాడు. ఎదురుగా న్యూ టౌన్ నుంచి కారులో వచ్చిన బ్యాంకాఫీసరు లలిత్, ఇద్దరి మధ్యా దుప్పటి విప్పిన చెకుముకి తుపాకీ.

“ఆకురాయితో నాలుగుసార్లు రుద్దితే ఈ చెక్కిన పేరు పోతుంది తాతా. రెండు నిమిషాల పని.”

“నా పేరే కదా బాబూ, రెండు నిమిషాలెందుకు? నాలుగక్షరాలు. ఇదిగో, ‘గు’ పోయింది.”

“కోపం వచ్చిందా?”

“నాకా? డెబ్బైమూడేళ్లొచ్చేయి, కోపం తెచ్చుకోడానికి తీరికేదీ? ఇప్పుడు ‘రువులు’ అనే ఆసామీ మిగిలేడు. వాడెవడో నేనెరగను. వాణ్ణి కూడా రాకేస్తాను, ఉండండి.”

“అర్థం చేసుకో. రేపు సాల్ట్ లేక్‌లో మా పాత తుపాకుల క్లబ్బు ప్రదర్శన. ఎవరి చేత్తో వాళ్లు చేసిందే పెట్టాలని రూలు. నెగ్గినవాడి పేరు ఇత్తడి పలక మీద చెక్కించి హాల్లో బిగిస్తారు. మా ఆవిడ సౌజన్య వస్తోంది, మా మావగారు వస్తున్నారు. మూడేళ్లుగా ప్రతి ఆదివారం నేను ఈ పని మీదే ఉన్నానని వాళ్ల నమ్మకం.”

“ఉన్నారు కదా! ఆ కుర్చీలో. మా ముసలిది టీ ఇచ్చేది, మీరు ఫోను చూసుకునేవోరు.”

“చూసి నేర్చుకున్నాను!”

“అవునవును. నేను సుత్తి ఎత్తినప్పుడల్లా మీరు కళ్లు మూసుకునేవోరు. అదీ కష్టమే పాపం.”

“ఎగతాళి వద్దు. అన్నట్టు, గొట్టానికి చిల్లు పెట్టలేదు కదా? పోలీసు గొడవ వస్తుంది.”

“పెట్టలేదు. నిప్పు రాలుతుంది, అంతే. లోపలికి పోదు, పేలదు. మీ చేతిలో పెట్టేది అంతకన్నా ఎలా చేస్తాను?”

“ఇంకొకటి తాతా. రేపు నువ్వు అటువైపు రాకూడదు.”

“ఎందుకొస్తాను బాబూ, చచ్చినోణ్ణి కదా.”

“ఏంటీ?”

“మొన్న మీ క్లబ్బు సునీల్‌కుమార్ దర్జీ కోసం ఇటు వచ్చేడు. నన్ను చూసి గుమ్మం ముందే బిగుసుకుపోయేడు. ‘నువ్వు పోయావని లలిత్ చెప్పాడే’ అన్నాడు. పోయినేడాదట, కలరాతోనట. ఊరికి నీళ్లు తోడి పోసినోణ్ణి, నన్ను కలరాతో చంపుతారా? గుండెపోటు అనుంటే మర్యాదగా ఉండేది కాదేటి?”

“అది... ఎవరో అడ్రసు అడిగితే... నోటికి ఏదో వచ్చింది.”

“మంచిదే వచ్చింది. ఏడాదై మీరు తప్ప ఒక్కడూ నా గడప తొక్కలేదు. జనానికి తుపాకీల సరదా చచ్చిందేమో అనుకున్నాను. చచ్చింది నేనని ఎవరూ కబురు పెట్టలేదు.”

“సారీ తాతా. నిజంగా సారీ. పేరు పోయిందా?”

“పోయింది. వేలితో తడిమి చూడండి. పుట్టనట్టే ఉన్నాను.”

“సరే, అసలు సంగతి. ప్రదీప్ బాబు జడ్జి. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి మూడు ప్రశ్నలు వేస్తాడు, సొంతంగా చేశాడా లేదా తేల్చడానికి. తప్పు చెబితే అందరి ముందే తుపాకీ బల్ల మీంచి తీయించేస్తాడు. నువ్వు జవాబులు చెప్పు, బట్టీ పట్టేస్తాను.”

“తుపాకీకి కూడా ట్యూషనే! రాసుకోండి. ఎవరడిగినా నిప్పు, స్ప్రింగు, కర్ర, ఈ మూడే. ముందు నిప్పు సంగతి. సుత్తిలా ఉన్న ఈ ఘోడా పడితే, దాని నోట్లో ఉన్న చెకుముకిరాయి ఎదురుగా ఉన్న ఉక్కురేకుని గీరుతుంది. నిప్పు రాలుతుంది. దేన్లోంచి వచ్చింది?”

“రాయిలోంచి కదా?”

“అబ్బ, ఎంత బుర్ర బాబూ మీది! అదే చెప్పండి. రాయి కడుపులో నిప్పుంటుంది, ఉక్కు దాన్ని బయటికి లాగుతుంది.”

“రాయి... కడుపులో... నిప్పు. ఊఁ. స్ప్రింగు?”

“ఎర్రగా కాల్చేను, చన్నీళ్లలో ముంచేను, తీసి బిగించేను. అయిపోయింది.”

“అంతేనా? తర్వాత మళ్లీ ఏదో పొయ్యి మీద పెట్టినట్టు గుర్తు.”

“అది టీ.”

“ఠీక్ ఆఛే. కర్ర?”

“మునగ.”

“మునగా? సజ్నే చెట్టా? సాంబార్లో వేస్తారు, ఆ కాయల చెట్టా?”

“ఆ చెట్టే. కాయ నమిలేరు కదా, పీచు ఎంత మొండిగా ఉంటుందో! కాయే అలాగుంటే కర్ర ఎలాగుండాలి? మా తాత తుపాకీ అంతా మునగే. పార్వతీపురం కొండల్లో పందిని చూసి మీట నొక్కేవాడు. నిప్పు లోపలికెళ్లి మందు అంటుకునేలోగా చుట్ట ముట్టించి సగం కాల్చేవాడు. పందికి విసుగొచ్చి, ఏటైందో కనుక్కుందామని దగ్గరికొచ్చేది. అప్పుడు పేలేది.”

“నిజమా?”

“సాక్ష్యం కావాలంటే పందిని తేవాలి.”

“బాగుంది. ఇది కూడా చెప్పెయ్యనా? మా తాత అని చెప్తాను.”

“చెప్పండి. నా పేరెలాగూ పట్టుకుపోతున్నారు, మా తాతని మటుకు ఎందుకొదలాలి?”

“ఒకసారి అప్పజెప్తాను విను. నిప్పు రాయిలోంచి. స్ప్రింగు కాల్చి, చన్నీళ్లలో ముంచి, బిగించాను. కర్ర మునగ.”

“నాకంటే పెద్ద మేస్త్రీ అయిపోయేరు.”

“గెలిస్తే సందేశ్ మిఠాయి పెట్టె పంపిస్తాను తాతా.”

“చచ్చినోడికా? కాకులకి పెట్టండి.”

కారు గల్లీ మలుపు తిరిగేక గురువులు పెళ్లాం ముసలమ్మ చేతులు తుడుచుకుంటూ వరండాలోకొచ్చింది.

“ఏటయ్యా, ఆ బాబుకి అన్నీ తప్పులే చెప్పేవు?”

“విన్నావేటి?”

“ఎన్నేళ్లు నీ కొలిమికి తిత్తి ఊదేను, నాకు తెలీదా? నిప్పు రాయిదేటి? రాయి గీరితే ఉక్కుపొడి రేగి కాలుతుంది. స్ప్రింగు నీళ్లలో ముంచేక మళ్లీ సన్నసెగ మీద నీలంరంగు తేలేదాకా కాచకపోతే పుటుక్కుమంటుంది. టీ అట! నా పొయ్యి మీదే కాచేవు. ఆ కర్ర అక్రోటు. మునగకొమ్మ పిట్ట వాలితే విరుగుతుంది.”

“నిన్ను పంపుంటే ఇత్తడి పలక మనదే.”

“నవ్వకు. పెళ్లాం ముందర, మావ ముందర ఆ బాబు తల ఎక్కడ పెట్టుకుంటాడు? పాపం కాదేటి?”

“నా పేరు నా చేతే రాకించేడే. బతికున్నోణ్ణి పోయేనని చెప్పి నా పని పోగొట్టేడు. రాకిన పొడి ఇంకా నా గోళ్లలో ఉంది, చూడు. నా దగ్గర పాపం అయిపోయింది.”

“పోనీలే. ఆ క్లబ్బులో అందరూ ఇలాటోళ్లే అంటావు కదా. ఆ జడ్జీకి మటుకు ఏటి తెలుసు? మునగంటే మునగే అనుకుంటాడు. బాబు గట్టెక్కిపోతాడు.”

“జడ్జీకీ ఏటీ తెలీదు. అందుకే నిన్న నువ్వు చేపలకెళ్లినప్పుడు వచ్చేడు. నేను బతికే ఉన్నానని సునీల్ చెప్పేడట. ఏ మూడు ప్రశ్నలు అడగాలో, వాటికి జవాబులేటో చెప్పమని కాగితం పట్టుకు కూచున్నాడు. ఆయనకి మటుకు నిజం చెప్పేను.”