నిమ్మళం పొడి

లేవకండి అత్తయ్యా. పొయ్యి మీద ఏదో మాడుతోందని అనకండి, పొయ్యి నేనే ఆపేసి వచ్చాను. టీవీ కూడా కట్టేశాను. కూర్చోండి. ఇవాళ మీరు వినాల్సిందే.

అబ్బే, కోపమేం లేదు. కోపముంటే అరిచేదాన్ని కదా? అరుస్తున్నానా?

ఎదురింటి డ్రైవరన్నని చూసి వస్తున్నాను. నుదుటి మీద కుట్లు పడ్డాయి. కన్ను వాచిపోయి మూతపడింది. పొద్దున డిపోలోంచి బస్సు బయటికి తీస్తుంటే కునుకు పట్టేసిందట. బస్సు తిన్నగా వెళ్ళి గోడకి గుద్దుకుంది. జనం ఇంకా ఎక్కలేదు కాబట్టి సరిపోయింది. ఎక్కి ఉంటే? ఆ గోడ వారనే ఎవరైనా నిలబడి ఉంటే? 

ఆయనెలాంటి మనిషి? సైకిలు అడ్డమొచ్చినా బ్రేకు మీద కాలేసి, వాడు దాటేదాకా చూసి కదిలే మనిషి!

ఆ? మీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు? సరే, ఎవరో ఒకరు చెప్పారు. మరి నాకెందుకు చెప్పలేదు? పొద్దుటి నుంచి నా ముందే తిరుగుతున్నారు కదా?

పోనివ్వండి. దాని దగ్గరికి వస్తాను.

డిపో వాళ్ళు అడిగారట, తాగావా, ఏమైనా మందులు వేసుకున్నావా అని. లేదన్నాడు. నేను మంచం పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టరమ్మా, నీ పొడి సంగతి నేను ఎత్తలేదు. లేనిపోనివి అంటారు. వేళ్ళూ ఆకులూ మనిషినేం చేస్తాయి?" అన్నాడు. వాళ్ళావిడ నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చింది. తాగలేకపోయాను.

అసలు ఆ నిమ్మళం పొడి మొదలుపెట్టడమే నా బుద్ధి తక్కువ. వచ్చేవాళ్ళందరూ ఒకటే మాట, మనసు కుదురుగా ఉండట్లేదు డాక్టరమ్మా, ఏదైనా ఇవ్వండి అని. ఆయుర్వేదం చదువుకున్నాను కదా, నా చేత్తో నేనే ఒక మందు చేద్దామనుకున్నాను. వెనకగదిలో ఎంత అవస్థ పడ్డానో మీకు తెలియదా? అశ్వగంధ వేర్లు పాలలో ఉడికించి ఆరబెట్టుకోవడం, బ్రాహ్మి ఆకు నీడలో ఎండబెట్టుకోవడం, దంచడం, గుడ్డలో జల్లించడం. జటామాంసి వాసనకి మీ అబ్బాయి ముక్కు మూసుకుని, గదిలో ఎలకేదో చచ్చినట్టుంది చూసుకో అనేవాడు. మీరు పగలబడి నవ్వేవారు. నాకు మండేది కానీ, నవ్వేదాన్ని.

మొదటి డబ్బా ఏమైంది? తెలిసినవాళ్ళు ముగ్గురికే ఇచ్చాను. డ్రైవరన్నకి, కుట్టుమిషను పిన్నికి, మూలింటి లెక్కల టీచరమ్మకి. వారం వారం వెళ్ళి అడిగేదాన్ని, మనసెలా ఉంది, నిద్రెలా ఉంది అని. పిన్నేమంది? "మనసు సంగతి ఏమో గానీ అమ్మాయ్, కడుపు మాత్రం తేలిగ్గా ఉంది" అంది. టీచరమ్మ అయితే నా మొహం చూసి జాలిపడి, కొంచెం నయంగానే ఉంది లెండి అంది. ఆ జాలి భరించలేకపోయాను. ఇంకోపక్క, బాగుంటే ఈ పొడిని తామే అమ్ముతామన్న మందుల కంపెనీ ఆయన మళ్ళీ వచ్చే రోజు దగ్గరపడుతోంది. వాడినవాళ్ళేమన్నారో వింటానన్నాడు కదా. ఏం వినిపించను?

ఆ రోజు వెనకగదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఇదంతా మానేస్తాను అని నాలో నేనే అనుకున్నాననుకున్నా. పైకే అనేశానేమో.

మర్నాడు మీరొచ్చారు. "ఊరికే కూర్చుంటే పొద్దు పోవట్లేదు, పొట్లాలు నేను కడతాలే" అన్నారు. నా పొడి పేరెత్తితే నవ్వే మనిషి! ఎంత పొంగిపోయానో తెలుసా? అమ్మతో ఫోనులో చెప్పుకున్నాను కూడా, మా అత్తగారు మారిపోయిందే అని.

రెండో డబ్బా పొట్లాలు మీ చేతి మీదుగానే వెళ్ళాయి. అంతే, ముగ్గురూ ఒకటే పొగడ్త! పిన్ని గుమ్మంలోంచే కేకేసింది, ఏం కలిపావే తల్లీ, పడుకుంటే ఒళ్ళు తెలియలేదు అని. టీచరమ్మకి పిల్లల మీద విసుగు రావడమే లేదట. డ్రైవరన్న అయితే, పొద్దున కూడా ఓ చెంచా వేసుకోవచ్చా డాక్టరమ్మా, తల చల్లగా ఉంటోంది అన్నాడు. నేనేమన్నాను? భేషుగ్గా వేసుకో అన్నా, అన్నాను. నా నోటితో నేనే అన్నాను అత్తయ్యా.

కంపెనీ ఆయన వచ్చి అందరినీ అడిగి, తెగ మెచ్చుకుని వెళ్ళాడు. ఈ వీధంతా నాదే అన్నట్టు నడిచాను కొన్నాళ్ళు.

ఆ తర్వాత పట్టుకుంది అనుమానం. పిన్ని మిషను మీదే తల వాల్చేసి కనిపించింది ఓ మధ్యాహ్నం. పిలిస్తే నాలుక మడతపడినట్టు మాట్లాడింది. ఇదేంటి, ఇది నా పొడి చేసే పని కాదే అనుకున్నాను. ఇచ్చిన పొట్లాలు వెనక్కిమ్మంటే పిన్నీ టీచరమ్మా, అయిపోయాయమ్మా అన్నీ వేసేసుకున్నాం, మళ్ళీ ఎప్పుడిస్తావు అంటారు! డ్రైవరన్న డ్యూటీలో ఉన్నాడు, తర్వాత అడుగుదామనుకున్నాను. ఆ తర్వాత అన్నదే ఇంతదాకా తెచ్చింది.

ముందు ఎవరిని అనుమానించాను? వేర్ల దుకాణం ముసలాయన్ని. పదిమంది ముందు నిలబెట్టి అడిగాను, ఏం కలుపుతున్నావు ఇందులో అని. ఆయన మారుమాట్లాడకుండా బస్తాలోంచి ఒక వేరు తీసి, నా కళ్ళ ముందే కసకసా నమిలి మింగాడు. "ఇక్కడే కూర్చుంటాను, నిద్రొస్తే చెప్పు" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

తర్వాత మీ అబ్బాయిని. మరి అనుమానం రాదూ? మందుల షాపులో పని. నిద్రమాత్రలు చేతి కిందే ఉంటాయి. పైగా నా వైద్యమంటే వేళాకోళం. నన్ను నవ్వులపాలు చెయ్యడానికే కలిపాడనుకున్నాను. ఎక్కడడిగాను? ఈ గదిలోనే. మీరు ఇదే కుర్చీలో కూర్చుని ఉన్నారు. "అంత నీచంగా కనపడ్డానా నీకు?" అన్నాడు మనిషి. చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. షాపులోనే తింటున్నాడు, పడుకోవడానికే ఇంటికొస్తున్నాడు.

మీరేం చేశారు? కళ్ళజోడు తుడుచుకున్నారు. కన్నకొడుకుని కోడలు దొంగని చేస్తుంటే, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు!

ఆగండి. ఇంకా అవలేదు.

ఇందాక డ్రైవరన్న భార్యని అడిగి, మిగిలిన పొట్లం తెచ్చుకున్నాను. తెల్లపళ్ళెంలో పరిచి, కిటికీ దగ్గర వెలుతుర్లో చూశాను. మట్టిరంగు పొడిలో నీలం నలుసులు! లేత నీలం. ఏ వేరుకుంటుంది అత్తయ్యా ఆ రంగు? ఏ ఆకుకుంటుంది? గింజంత ముక్క ఒకటి సరిగ్గా నలగకుండా ఉండిపోయింది. ఒక వైపు నున్నగా ఉంది.

మీ అబ్బాయికి ఫోను చేశాను. మాటల్లేవు కదా, ముందు ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నీలంరంగు నిద్రమాత్రలు ఎవరు కొంటున్నారు మీ షాపులో అన్నాను. "ఎవరేంటి? అమ్మ వేసుకునేవే కదా, నాన్న పోయినప్పటి నుంచీ" అన్నాడు.   ఫోను పెట్టేసి నేరుగా మీ గదిలోకి వెళ్ళాను.

మీ తలగడ కింద చూశాను. తప్పే, మీరు లేనప్పుడు చూడకూడదు. చూశాను. అన్నీ మాత్రలు తీసేసిన ఖాళీ రేకులే.

మరి రోజూ మాత్ర వేసుకుని పడుకునే మనిషికి కళ్ళు అంత ఎర్రగా ఉంటాయా? పగలంతా ఆ చేతులు అలా వణుకుతాయా? ఆ మందు ఒక్కసారిగా మానేస్తే వణుకుతాయని నాకు తెలుసు. డాక్టరుని కదా! ఇంట్లో మనిషిని ఎదురుగా పెట్టుకుని పోల్చుకోలేకపోయాను. మామయ్యగారు గుర్తొచ్చి నిద్రపోవడం లేదేమో అనుకుని, మీకూ ఓ చెంచా కలిపిస్తానన్నాను గుర్తుందా? నాకొద్దు, నాకొద్దు అని గ్లాసు అవతలికి నెట్టేశారు. అప్పుడైనా వెలగాలి కదా నాకు!

ఎందుకు చేశారు?

నా మీద ప్రేమా? లేకపోతే, నీ వేళ్ళతో ఏమీ కాదు, చివరికి ఇంగ్లీషు మందే దిక్కని నాకు తెలియజెప్పడానికా? ఇందాకటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. ఒకసారి ఇది అనిపిస్తోంది, ఒకసారి అది. మీ మొహం చూస్తే ఏదీ తేలడం లేదు.

ఏంటి? గట్టిగా అనండి, వినపడలేదు.

నేను ఏడుస్తుంటే వినలేకపోయారా?

వినలేకపోతే తలుపు తట్టాల్సింది అత్తయ్యా. లోపలికొచ్చి నా పక్కన కూర్చోవాల్సింది. మీ నిద్ర తీసి నా డబ్బాలో పోస్తారా ఎవరైనా? ఒక పొట్లంలో ఎంత పడిందో, ఇంకో పొట్లంలో ఎంత పడిందో మీకేం తెలుసు? నమ్మి వేసుకున్నవాళ్ళు వాళ్ళు. కొంచెం ఎక్కువ పడి ఉంటే డ్రైవరన్న ఈపాటికి...

అనను. ఆ మాట నేనూ అనలేను.

నేనిప్పుడు డిపోకి వెళ్తున్నాను. వాళ్ళ ఆఫీసరు సాయంత్రం దాకా ఉంటాడట. డ్రైవరన్న తాగలేదు, నేనిచ్చిన మందు వల్ల కునుకు పట్టిందని రాసిస్తాను. పిన్నికీ టీచరమ్మకీ ఫోనులో చెప్పేశాను, ఇంట్లో ఒక్క పొట్లం ఉన్నా నోట్లో వేసుకోవద్దని. కంపెనీ ఆయనకి కూడా చెప్పాలి. నా దగ్గరికి ఇక ఎవరూ రారు. రాకపోతే పోనీ.

కాదు, మీ పేరు చెప్పను. కంగారుపడకండి. నేనే కలిపానని చెప్తాను.

అలా చూడకండి. మీ మీద దయ అనుకుంటున్నారా? మా అత్తగారు కలిపిందని కోడలు చెబితే నమ్మేదెవరు? సరే, అది కూడా కాదు అసలు సంగతి. మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను?

పిన్ని గుమ్మంలోంచి కేకేసిన రోజే నాకు తెలుసు. పొడి తీసుకున్న మర్నాడే అంది ఆ మాట. వేర్లు ఒక్క పూటలో అలా పని చెయ్యవు. నాలాంటి వాళ్ళకి మొదట నేర్పేదే అది. ఇదేదో తేడాగా ఉందని లోపల ఏదో అంటూనే ఉంది. నోరు మూసుకోమన్నాను దాన్ని. అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, ఇంకొంచెంసేపు మెచ్చుకోనివ్వమన్నాను. కంపెనీ ఆయన వెళ్ళిపోయాక గానీ నాకు అనుమానం రాలేదని చెప్పాను కదా? ఆయన వెళ్ళేదాకా రానివ్వలేదు నేను. కాబట్టి నేనే కలిపానని చెబితే పూర్తిగా అబద్ధమేం కాదు.

ఏడవకండి. మీరేడిస్తే నేను గడప దాటలేను.

మీ మాత్రల సంగతి మళ్ళీ ఫోను చేసి మీ అబ్బాయికి చెప్పాను, వేసుకునేవి ఇవాళ తెస్తాడు. అన్నం తినేసి పడుకోండి. డ్రైవరన్న ఉద్యోగం నిలిచిందా, సరే. నిలవలేదనుకోండి, అప్పుడు మీరూ రావాలి నాతో. ఆ ఇంటి మెట్లు నేనొక్కదాన్ని ఎక్కలేను అత్తయ్యా.