లేచిన గేటు

దేశం పొరుగు దేశాల వర్తక కూటమిలో చేరిన మొదటి ఉదయం సరిహద్దు గేటు నిటారుగా పైకి లేచి ఉంది. అయినా ఒక లారీ వచ్చి తనిఖీ అధికారి ముందు ఆగింది.

"ఎందుకాపావయ్యా? ఇవాళ్టి నుంచి సుంకాల్లేవు, తనిఖీల్లేవు. పో."

"కాలు దానంతటదే బ్రేకు మీద పడిందన్నా."

"'అన్నా' అంటున్నావా? నిన్నటిదాకా సార్ అనేవాడివి."

"నిన్నటిదాకా గేటు దించి ఉండేది కదా."

"నవ్వించకు. సరేగానీ, లోపలేంటి సరుకు?"

"అడక్కూడదన్నా. కొత్త రూలు."

"అడగట్లేదయ్యా, బతిమాలుతున్నా. ఇన్నేళ్లు టార్పాలిన్లు ఎత్తిన చెయ్యి, దురద పెడుతోంది."

"అయితే ఎక్కు. అవతల మార్కెట్లో చూద్దువుగాని."

"అవతలకా? నేనెప్పుడూ ఈ గీత దాటలేదు."

"ఊరందర్నీ దాటించి, నువ్వు దాటలేదా?"

"డ్యూటీ వదిలేసి ఎలా దాటతాను? ఇప్పుడు ఆ డ్యూటీయే లేదనుకో. జరుగు, ఎక్కుతున్నా. ఇప్పుడైనా చెప్పవయ్యా, వెనకేముంది?"

"ఏమీ లేదన్నా, ఖాళీ లారీ. అవతల సరుకు కొనాలి. ఏది మేలిరకమో, ఏది నాసిరకమో చూడగానే చెప్పే భాగస్వామి కావాలి. నిన్నెక్కించుకోడానికే ఆపాను."