మీట నొక్కావా, ఒరెస్ట్?

నొక్కావా? ఊఁ అంటావేగానీ, ఇక్కడ ట్రక్కు వెనక ప్లగ్గుకి పెట్టిన టెస్టరులో దీపం వెలగదే! గట్టిగా నొక్కు ఒరెస్ట్. డాష్‌బోర్డు కింద బ్రేకుల పెట్టె ఉందిగా, దాని మీట. నువ్వు బిగించిందే! ఆఁ, అలాగే పట్టుకుని ఉండు. వదలకు.

ఉహూఁ. ట్రక్కులోంచి చుక్క కరెంటు రావట్లేదు.

అదేం ఖర్మో! ఇదే ప్లగ్గులో వెనక దీపాలకి వస్తోంది, ఇండికేటరుకి వస్తోంది. మనం వెనక లాక్కెళ్లే ఇంటి ట్రైలరు బ్రేకులకి మాత్రం రానంటోంది. ఫ్యూజు మార్చానా? మార్చాను. ప్లగ్గులో తుప్పు గీకానా? గీకాను. చివరికి ట్రక్కు కింద దూరి, నిక్షేపంలాంటి నీలం వైరు కోసి చూశాను. లోపల రాగి తళతళలాడుతోంది. మళ్లీ మెలేసి టేపు చుట్టాను. సస్కచ్వాన్‌లో కురిసిన మంచు అంతా నా వీపుకే అంటుకుంది. నవ్వకు!

ఇన్నేళ్లూ కింద నువ్వు దూరేవాడివి, సీట్లో నేను కూర్చునేదాన్ని. "వెర్నా, నొక్కుతున్నావా, నిద్రపోతున్నావా?" అని పక్క పొలం వాళ్లకి కూడా వినపడేలా అరిచేవాడివి. ఇవాళ నా వంతు. నొక్కుతున్నావా, నిద్రపోతున్నావా మహానుభావా?

ఏంటీ, ఆకలా? ఇప్పుడేగా తిన్నావు! క్యాబేజీ రోల్స్ ట్రైలరు ఫ్రిజ్‌లో పెట్టేశాను, అవి దారికి. ముందు ఇది కానీ.

ఆదివారం కోలీన్ వస్తుంది, గుర్తుందా? నీ కూతురయ్యా, కోలీన్. వచ్చి, "నాన్నని టౌనులో ఆ ముసలివాళ్ల హోములో చేర్పిద్దామమ్మా, ఒక్కసారి చూసొద్దాం" అంటుంది. "మీ నాన్నకేమే, గుండ్రాయిలా ఉన్నాడు, ఎప్పట్లాగే చలికాలం వెచ్చగా అరిజోనా ఎడారిలో గడిపొస్తాం" అని మొన్నే ఫోనులో దాని మీద గయ్యిమన్నాను. అది వచ్చేలోపల మనం మొంటానా కొండలు దాటేయాలి. బ్రేకుల్లేకుండా ఎలా దాటతాం చెప్పు? కొండ దిగేటప్పుడు ట్రైలరు తన బరువంతా వేసి వెనకనుంచి తోసిందంటే ఇద్దరం లోయలో తేలతాం.

సరే. ఇక మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. ప్లగ్గు ట్రైలరుకి తగిలించేసి వస్తున్నా. నువ్వు చెయ్యి తీయకు, అలాగే ఉంచు, నేనొచ్చి చూస్తా. అబ్బ, నా మోకాళ్లు! తలుపు తీస్తున్నా, చలిగాలి కొడుతుంది, చూసుకో.

ఒరెస్ట్.

ఏంటది? ఏం పట్టుకున్నావు నువ్వు?

అది హీటరుది బాబూ. ఇందాకట్నుంచీ దీన్నేనా? నేను నొక్కమన్నప్పుడల్లా దీన్నే నొక్కుతున్నావా?

సరే సరే, ఏం కాలేదు. బ్రేకు మీట ఏదో చూపించు నాకు. తొందరేం లేదు. ఉహూఁ, అది రేడియో. ఇంకా కిందకి. కాదు... అది నా చెయ్యి, ఒరెస్ట్.

ఇదిగో, ఇదీ. ఉండు, ఇంజను ఆపుతా. ఇప్పుడు నేను నొక్కుతున్నా, విను. విన్నావా? వెనక చక్రాల దగ్గర గుయ్యిమంది. బ్రేకులు నిక్షేపంలా ఉన్నాయి. వైరూ బాగానే ఉంది, నేను కోసి అతికించిన ముక్కతో సహా.

ఏంటా మొహం? నిన్నేమన్నా అన్నానా? ఊరుకో. ఇలా చూడు. ఊరుకో మరి.

వైరే తెగుంటే ఎంత బాగుండేది! కొత్తది వేసేదాన్ని. పెట్టె కాలిపోయుంటే ఇంకోటి తెచ్చి బిగించేదాన్ని. దీనికేం చేయను నేను? ఎక్కడని గీకను, ఏది మార్చను? దారిలో పెట్రోలు కొట్టించుకోడానికి నేను దిగితే నువ్వు తలుపు తీసుకుని ఎటు నడిచిపోతావో. ఆ ఎడారిలో నిన్ను వెతుక్కుంటూ ఎవరిని అడగను? పిల్ల చెప్తూనే ఉంది. నాకు తెలియకా? తెలుసు. తెలిసే దాని మీద అరిచాను.

ఆఁ? ఏం పాడైందంటావా?

ట్రక్కే. ట్రక్కులోంచి కరెంటు రావట్లేదు, ఈ ఏడు ప్రయాణం లేదు. కోలీన్‌కీ అదే చెప్తా. అది నమ్మదులే. నమ్మకపోతే నమ్మకపోనీ.

అటు జరుగు కాస్త. కాసేపు నీ పక్కన కూర్చోనీ. ఇంట్లోకి వెళ్తే దానికి ఫోను చేయాలి.