సోమసుందరంగారి పడకకుర్చీ

2023 డిసెంబరు 7, గురువారం. తుఫాను దాటిన రెండో రోజు. పొద్దున్న ఎనిమిదింటిదాకా మబ్బు కదల్లేదు గానీ, ఆ తర్వాత విరిగి, మా పెనుగొండలో చాన్నాళ్ళకి ఎండ మొహం చూశాం. రైతులంతా తడిసిన ధాన్యం తెచ్చి రోడ్డుకి ఒక పక్కంతా ఆరబోసేశారు. అందుకే హైదరాబాదు నుంచి వచ్చిన వ్యాను సిద్ధాంతం దాటాక మా సెంటరు చేరడానికి గంట పట్టింది. రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం గురించి మా కాలేజీ రోజుల్లో ఒక పెద్ద తగువు జరిగింది. అది చెబితే పొద్దుపోతుంది, వదిలేద్దాం.

వ్యానులో వచ్చింది పావని, దంగేటి సోమసుందరంగారి మనవరాలు. సోమసుందరంగారు సిద్ధాంతంలో పుట్టి, మా ఊళ్ళో పద్యనాటకాలు ఆడి, ఆ తర్వాత సినిమాలకి వెళ్ళి యాభై ఏళ్ళపాటు ఏదో ఒక వేషంలో తెర మీద కనపడుతూనే ఉన్న మనిషి. మా అమ్మకి ఆయన రాజు. నా భార్యకి జడ్జి. నా కూతురికి మతిమరుపు డాక్టరు. దాని పిల్లలకేమో సెల్‌ఫోన్లో వచ్చే సీరియల్లో ఇంటిల్లిపాదినీ గడగడలాడించే ముసలాయన. పోయిన నెల ఎనభై ఆరో ఏట హైదరాబాదు ఆస్పత్రిలో పోయారు. తన సామాన్లు ఎవరికి ఏమివ్వాలో మనవరాలికి నోటితోనే చెప్పి వెళ్ళారట. ఆ పని మీదే వచ్చింది అమ్మాయి.

విజయ్ పాల్ టీ కొట్టు ముందు వ్యాను ఆగింది. వెనక తాళ్ళతో కట్టి ఒక టేకు పడకకుర్చీ ఉంది. షూటింగుల్లో షాటుకీ షాటుకీ మధ్య సోమసుందరంగారు కూర్చున్న కుర్చీ అదే. పేపర్లో ఆయన ఫొటో ఎప్పుడు వేసినా అందులోనే ఉండేవారు. దాన్ని చూడగానే మా చంద్రరావు గ్లాసు కింద పెట్టేశాడు.

చంద్రరావు నాకు బీఏలో క్లాస్‌మేటు, తర్వాత బట్టల కొట్టు పెట్టాడు. "సోమసుందరం నా ప్రాణం. ఆ కుర్చీ నాకు తప్ప ఎవరికొస్తుంది" అని నెల రోజులుగా ఊరంతా చెప్పుకొచ్చాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. అరుగు మీద భార్య రామలక్ష్మిగారి కుట్టుమిషను లోపలికి నెట్టించి, కుర్చీకి జాగా కూడా చేశాడు. ఇప్పుడు కుర్చీ రాకపోతే ఊరివాళ్ళు రెండు రోజులు నవ్వి మర్చిపోతారు. రామలక్ష్మిగారు మర్చిపోరు. అదీ అతని భయం.

"తాతయ్య నాటకాల రోజులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అంది పావని.

"తెలిసినవాళ్ళేంటమ్మా," అని చంద్రరావు అందుకున్నాడు, "దగ్గరుండి నడిపించినవాణ్ణే నీ ఎదురుగా ఉన్నాను. కూర్చో. విజయ్ పాల్, అమ్మాయికి అల్లం దంచి ఒక టీ పెట్టు. నేను పెద్దగా చేసిందేం లేదు తల్లీ, చెప్పుకోకూడదు కూడాను. సైకిలు తొక్కాను, అంతే. సిద్ధాంతం నుంచి మా ఊరు రిహార్సలుకి మీ తాతయ్యని నా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాణ్ణి. దారి పొడుగునా పద్యాలు పాడుతూ వచ్చేవాడు. ఎదురుగాలి కొడుతుంటే నాకు కాళ్ళు పీకేవి. అప్పుడాయన రాగం తీసేవాడు. రాగం అందుకున్నాడా, ఇక నేను కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ రాగానికే సైకిలు పోయేది."

"మరి బ్రేకులో?" అన్నాడు విజయ్ పాల్.

"రాగం ఆపితే సైకిలు ఆగేది. బ్రేకులెందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? సినిమావాళ్ళు పిలిచారు. మొదటి వేషమే విలను. ఈయనకేమో దుర్మార్గంగా నవ్వడం చేతకాదు. మెత్తని మనిషి, ఇంట్లో నవ్వితే పక్క గదిలోకి వినపడేది కాదు. నా దగ్గరికొచ్చి 'చంద్రం, ఒక మంచి చెడ్డనవ్వు నేర్పు' అన్నాడు. మా మావయ్య రైసుమిల్లుకి తీసుకెళ్ళి, పొద్దున్నే ఆయిలింజను స్టార్ట్ చేసేటప్పుడు పక్కన నిలబెట్టాను. ముందు రెండు దగ్గులు దగ్గుతుంది, ఒక ఊపిరి తీస్తుంది, ఆ తర్వాత డుగుడుగుడుగుడుగు. 'అదే నీ నవ్వు, పట్టుకో' అన్నాను. పట్టుకున్నాడు. సినిమా భీమవరంలో ఆడితే, ఆ నవ్వు రాగానే హాల్లో సగంమంది లేచి చేలకి పరిగెత్తారు, ఇంజను ఆడుతోంది, నీళ్ళు మళ్ళించుకోవాలని. ఆఖరికి హాలువాళ్ళు 'వచ్చేది నవ్వు మాత్రమే, ఎవరూ లేవకండి' అని స్లైడు వేయాల్సొచ్చింది."

"రైతుకి తన ఇంజను చప్పుడు తెలీదా చంద్రరావుగారూ?" అన్నాడు జానకిరామ్. భీమవరం ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు సూపర్‌వైజరు చేసి ఇంటికొచ్చిన మనిషి. మా బెంచీ మీద రోజుకి రెండు మాటల కన్నా ఎక్కువ మాట్లాడడు.

"నీకు ఆ ఐసులో చెవులు గడ్డకట్టాయి, నువ్వు ఊరుకో. సరే, విలనయ్యాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు. ఆ ఖాకీ గుడ్డ మా కొట్లోదే. నేనే చించి ఇచ్చాను. డ్రెస్సు ఒంటికి అలవాటవ్వాలని దాంతోనే రావులపాలెం సంతకి తీసుకెళ్ళాను. ఆయన ఊరికే ఒకసారి అటు చూశాడు. అంతే. జేబులు కొట్టేవాళ్ళు వరసలో నిలబడి ఎవరి పర్సులు వాళ్ళకి ఇచ్చేశారు. ఎప్పుడో కోళ్ళు ఎత్తుకుపోయినవాడొకడు వచ్చి, 'అయ్యా, ఆ కోళ్ళు లేవు, వాటి మనవలున్నాయి' అని బుట్టతో సహా అప్పగించాడు."

పావని నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు పక్కన పెట్టింది. ఒకరు నవ్వారంటే మా చంద్రరావుకి ఇక పట్టపగ్గాలుండవు.

"ఇదంతా ఒక ఎత్తు. తండ్రి వేషం వేశాడు చూడు, అదీ. కూతుర్ని అత్తారింటికి పంపే సీను. ఒక్క మాట లేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, తీయడం మర్చిపోతాడు. అంతే చేశాడు. ఆ సీను నిజంగా అంతే, మాస్టార్ని అడగండి."

మాస్టారంటే నేనే. ఆ మాట నిజమే. ఆ సీను నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చెయ్యి అలా ఉండిపోతుంది.

"హాల్లో ఏడుపు. నేల టిక్కెట్టువాళ్ళకి మోకాళ్ళదాకా వచ్చేశాయి కన్నీళ్ళు. చెప్పులు తేలుతున్నాయి. హాలు గోడకి కన్నం పెడితే నీళ్ళు కాలవలో పడి, కాలవలోంచి చేలల్లోకి పోయాయి. నూరు రోజులాడింది సినిమా. నూరు రోజుల ఉప్పు నీళ్ళు. ఇక ఆ చేలల్లో వరి ఎక్కడ పండుతుంది? రైతులు నెత్తిన చెయ్యి పెట్టుకుంటే, నేనే ఆలోచించి 'ఉప్పు నీళ్ళల్లో రొయ్యలు పెంచండి' అన్నాను. భీమవరంలో రొయ్యల చెరువులు ఎలా వచ్చాయనుకున్నారు మరి?"

"అయితే ఆ మేత కంపెనీలవాళ్ళంతా మీకు దణ్ణం పెట్టాలి గురువుగారూ" అన్నాడు విజయ్ పాల్.

"పెట్టరు. లోకం అలాంటిది. అయినా ఇవన్నీ కొమ్మలమ్మా, వేరు వేరే ఉంది. మీ తాతయ్యని నటుణ్ణి చేసింది ఏంటో తెలుసా? నా వన్స్‌మోర్. ఆ రోజుల్లో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. కొట్టాక పాడి తీరాలి, చచ్చిపోయిన వేషమైనా సరే. సోమసుందరం సేనాపతి. బాణం తగిలి, ఆఖరి పద్యం పాడి, నిలువునా పడి ప్రాణం వదులుతాడు. నేను వన్స్‌మోర్ అనేవాణ్ణి. శవం లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి దణ్ణం పెట్టి, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాడు. ఒకసారి నేను కొట్టిన వన్స్‌మోరుకి, అక్కడ రాజమండ్రిలో బ్రిడ్జి దాటేసిన మెయిలు రైలు వెనక్కి వచ్చి మళ్ళీ దాటింది. లోపల ప్యాసింజర్లకి గోదావరిలో రెండోసారి డబ్బులు వేసే పుణ్యం దక్కింది. యమభటులు కూడా స్టేజీ పక్క తెరల దగ్గర నిలబడి ఎదురుచూసి చూసి, 'వీడు ఎప్పటికి చస్తాడో, చంద్రరావుగారు కాస్త ఊరుకుంటే బాగుండు' అని విసుక్కుని వెళ్ళిపోయేవారు."

"మీరు చూశారా వాళ్ళని?" అన్నాడు జానకిరామ్.

"చూడ్డమేంటి, వాళ్ళకి టీ కూడా ఇప్పించాను. ఇంకా చెప్పనా? పోయిన నెల ఆస్పత్రిలో ఆయన ఊపిరి ఆగిపోయింది. డాక్టర్లు దుప్పటి కప్పేశారు. నేను ఇక్కడి నుంచి ఫోను చేసి, చెవి దగ్గర పెట్టమని, ఒక్కసారి వన్స్‌మోర్ అన్నాను. దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. ఒక పద్యం పాడి, కాఫీలో పంచదార తక్కువైందని కోప్పడి, అందరికీ దణ్ణం పెట్టి, అప్పుడు పోయాడు తృప్తిగా."

పావని నెమ్మదిగా అంది.

"ఆ పూట పక్కన నేనే ఉన్నానండి. తాతయ్య ఫోను నా చేతిలోనే ఉంది."

చంద్రరావు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నేను చేసింది ఆస్పత్రి ల్యాండ్‌లైనుకి."

విజయ్ పాల్ పాలగిన్నె పట్టుకుని అటు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"పోనీలెండి" అంది పావని. "మిగతావి ఎలా ఉన్నా, ఒక్కటి నాకు నిజంగా కావాలి. సేనాపతి వేషానికి పట్టుబట్టి వన్స్‌మోర్ కొట్టింది మీరేనా? ఆ మనిషిని ఎలాగైనా పట్టుకోమని తాతయ్య మరీ మరీ చెప్పారు."

"నేనే. ఇంకెవరికుంది ఆ గొంతు?" అన్నాడు చంద్రరావు, కుర్చీ వైపు చూస్తూ.

"ఆ వన్స్‌మోర్ల వల్లే తాతయ్య నడుం పోయిందండి. చెక్కబల్లల స్టేజీ. నిలువునా పడాలి, లేవాలి, మళ్ళీ పడాలి. అడిగిన కొద్దీ పడేవారట. ఒకసారి పడినవారు పడినట్టే ఉండిపోయారు. జనం నటన అనుకుని చప్పట్లు కొడుతున్నారు. తెర దించి మోసుకెళ్ళారట. అప్పటి నుంచి పోయేదాకా తాతయ్య గట్టిగా పది నిమిషాలు నిలబడలేదు."

అంతవరకు చెప్పి, చల్లారిపోతోందని టీ గ్లాసు అందుకుంది. ఆ అమ్మాయి రెండు గుక్కలు తాగేలోపు చంద్రరావు మొహంలో అన్ని రంగులూ మారాయి. పట్టుకోమన్నది ఎందుకో అతనికి అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాడు.

"చూడు తల్లీ" అన్నాడు గొంతు తగ్గించి. "వన్స్‌మోర్ నేను కూడా అన్నాను, అనలేదని అనను. కానీ నాది పైపై గొంతు. పక్కవాడికి కూడా వినపడేది కాదు. రైలు వెనక్కి వచ్చేంత గొంతు మా అందరిలో ఒక్కడిదే. ఇదిగో, ఈ జానకిరామ్‌ది. ఇప్పుడిలా ఉన్నాడు గానీ అప్పట్లో ముందు వరసలో కూర్చుని ఒళ్ళు తెలీకుండా అరిచేవాడు. 'వద్దయ్యా, మనిషి నడుం ఏం కాను' అని నేను చొక్కా పట్టుకు లాగేవాణ్ణి. లాగితే చొక్కా చిరిగింది కూడా. గుడ్డ మా కొట్లోదే."

"అవునాండీ?" అంది పావని జానకిరామ్‌తో.

జానకిరామ్ బెంచీ మీద కాస్త ముందుకి జరిగాడు. "చొక్కా సంగతి గుర్తులేదమ్మా. అరిచిన మాట నిజం. అందరూ అరిచేవాళ్ళు, వాళ్ళు ఆపేశాక కూడా నేను అరిచేవాణ్ణి. ఆ పద్యం చివర ఆయన గొంతు సన్నబడి సన్నబడి ఉండీ లేనట్టు అయిపోయేది. అది ఇంకోసారి వినాలనిపించేది. ఆయనకి నొప్పని తెలీదు. తెలిస్తే అరిచేవాణ్ణి కాదు."

"అయితే ఆ కుర్చీ మీదండి" అంది పావని.

చంద్రరావు నోట్లో టీ ఉంది. మింగడం మర్చిపోయాడు.

"నిలబడలేనివాడికి నాటకంలో వేషం ఎవరిస్తారండీ? అందుకే తాతయ్య మద్రాసు వెళ్ళారు. కూర్చునే వేషం ఏదున్నా ఇవ్వండని అడిగారు. రాజంటే సింహాసనం మీద. జడ్జంటే బల్ల వెనక. యాభై ఏళ్ళు కూర్చునే చేశారు. 'ఆ గొంతే గనక నన్ను పడేసి ఉండకపోతే నేను సిద్ధాంతంలో సేనాపతిగానే మిగిలిపోయేవాణ్ణి. వెతికి పట్టుకుని, నా కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టు' అన్నారు."

నేను ఒక్కొక్క సినిమా గుర్తు చేసుకున్నాను. విలను ఉయ్యాలబల్ల మీద. ఇన్‌స్పెక్టరు స్టేషన్లో కుర్చీలో. డాక్టరు గుండ్రంగా తిరిగే స్టూలు మీద. కూతురి తల మీద చెయ్యి వేసిన తండ్రి కూడా అరుగు మీద కూర్చునే ఉన్నాడు, ఆ పిల్లే వచ్చి కాళ్ళ దగ్గర వంగింది. యముడు సరేసరి, దున్నపోతు దిగలేదు. ఇన్నేళ్ళు చూశాం, చప్పట్లు కొట్టాం, ఆ మనిషి నడవలేదని ఒక్కరికీ తోచలేదు. కళ్ళతో, గొంతుతో, ఆ రెండు చేతులతో తెరంతా తిరిగాడు. నిలబడి గంతులేసినవాళ్ళు ఎంతమంది వచ్చి వెళ్ళారో. ఈయన కూర్చున్న చోటే కూర్చుని నాలుగు తరాలని ఏలాడు.

విజయ్ పాల్ తాళ్ళు విప్పాడు. కుర్చీకి ఒక పక్క జానకిరామ్, ఇంకో పక్క, మీరు నమ్ముతారో లేదో, చంద్రరావే పట్టాడు. జానకిరామ్ ఇల్లు చేరేలోపు దారిలో ఎదురైన ప్రతివాడికీ చెబుతున్నాడు: "నేను చెప్పబట్టే వీడికి వచ్చిందయ్యా. లేకపోతే వీడు నోరు విప్పేవాడా?" అది మాత్రం కోత కాదు. ఆ రోజు అతను చెప్పిన వాటిలో తండ్రి సీను తర్వాత అంత నిజం ఇదొక్కటే. మొహంలో దిగులు కూడా పెద్దగా కనపడలేదు. ఇక రామలక్ష్మిగారికి ఏం చెప్పాడో మేం అడగలేదు, రెండు రోజులు టీకి రాలేదు, మూడో రోజు మామూలే.

సోమసుందరంగారి కిరీటం, గద మా ఊరి నాటక సమాజానికి వచ్చాయి. మేకప్ పెట్టె చివరిదాకా ఆయన మొహానికి రంగు వేసిన తబితకి ఇచ్చారు. ఒక్కో వేషానికి ఒక్కో కళ్ళజోడు పెట్టేవారు కదా, అవన్నీ ద్రాక్షారామంలో ఉన్న చెల్లెలు తీసుకుంది, ఏం చేసుకుంటుందో తెలీదు. మనవరాలికి ఆయన ఫోను, అందులో సాయంత్రాలు పాడి దాచుకున్న పద్యాలు. కుర్చీ జానకిరామ్‌కి. ఏమీ రానిది మా ఇద్దరికే. నేను నోరు తెరవలేదు, చంద్రరావు నోరు మూయలేదు.