తిరపతయ్య లారీకి కన్ను కొట్టే రోగం

తిరపతయ్య ఉన్నాడే, లారీ తిరపతయ్య, ఆయనకి పెళ్ళాం అంకమ్మ ఒకెత్తు, లారీ ఒకెత్తు అంట. కాదు, తప్పు చెప్పా, లారీ రెండెత్తులు అనుకో. ఏటా దసరాకి లారీకి రంగెయ్యాలంటే పెయింటర్ని పిలవడు. ఎవురి చేతి మీదా నమ్మకం లేదు. తనే డబ్బా పట్టుకుని, తనే బ్రష్షు పట్టుకుని, లుంగీ ఎగ్గట్టి లారీ కిందకి దూరతాడు. పైన రంగు అందరూ ఏస్తారు, ఈయన కింద కూడా ఏస్తాడు. ఎవురూ చూడని చోట, ఆ ఇనప ఛాసిస్‌కి, దానికున్న బోల్టులకి, ఆ బోల్టుల తలకాయలకి కూడా ఎర్రరంగే. ఇనుము ఇనుములాగా కనపడితే ఆయన ఓర్చుకోలేడంట. ఇంటి తలుపుకి కాస్త రంగెయ్యవయ్యా, ఎండకి పగిలిపోతంది అని అంకమ్మ ఆరేళ్ళ నుంచి మొత్తుకుంటంది. ఏస్తాలేవే, డబ్బాలో మిగిలితే ఏస్తా అంటాడు. ఎప్పుడన్నా మిగిలిందా? మిగల్లా. నవ్వుతావేం సుబ్బాయమ్మా, మీ ఆయన కొత్త ఫ్రిజ్జుకి అట్టపెట్టె తియ్యకుండా మూడు నెల్లు ఉంచలా?

సరే, ఏమైందంటే, జామాయిల్ కర్ర కొట్టే రోజులొచ్చినయ్. కాంట్రాక్టరు ఆదిశేషు వచ్చి, తిరపతయ్యా, బుధవారం నుంచి లోడింగు, మూడు నెల్లు నీ లారీకి తిరిగి చూసే పని లేదు, కాకపోతే ఎఫ్‌సీ ఉండాలబ్బా అన్నాడు. ఎఫ్‌సీ అంటే, ఈ బండి రోడ్డెక్కొచ్చు అని బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి ఇచ్చే కాయితం. దాని గడువు కాస్తా అయిపోవచ్చింది. మంగళవారం టౌనులో చూపించుకోవాల. బుధవారానికి చేతిలో కాయితం లేకపోతే ఆదిశేషు ఇంకో లారీని పెట్టుకుంటాడు, ఈయన లారీ మూడు నెల్లు ఇంటిముందు నిలబడి ఎండకి ఎండుద్ది. అదీ సంగతి. అప్పుడు తిరపతయ్యకి ఏం బుద్ధి పుట్టిందో, ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోతా ఈ గుడ్డిదీపాలతో ఏం పోతాం అని, టౌనుకి పోయి పాలలాగా తెల్లగా వెలిగే కొత్త లైట్లు తెచ్చాడంట. తెచ్చినోడు బిగించేవాడి దగ్గరకన్నా పోవాలా? పోలా. నా లారీకి ఇంకోడు పానా పెడతాడా అని తనే కూర్చున్నాడు. ఎర్రవైర్లు ఎర్రవైర్లకి కలిపాడు. నల్లవైర్లు మిగిలినయ్, లైట్లవి, ఇండికేటర్లవి, హారనుది. ఇన్ని వైర్లు ఇన్ని చోట్ల ఏలాడితే చూడ్డానికి ఏం బాగుంటది అని, అన్నీ కట్టకట్టి ఛాసిస్‌కున్న ఒకే బోల్టు కింద నొక్కి బిగించాడు. ఆ బోల్టు ఎట్టాంటిది? నాలుగు దసరాల రంగు తాగింది.

ఇంక చూడండి నా సామిరంగా. లైటేస్తే పాలూ లేదు, నీళ్ళూ లేదు, మిణుగురు పురుగు తోకలాగా ఓ వెలుగు, దాంతోపాటు అడక్కుండానే ఇండికేటరు వెలిగింది. ఇండికేటరేస్తే పెద్దలైట్లు రెండూ కన్ను కొట్టడం మొదలుపెట్టినయ్. హారను కొడితే అది ముసలి మేకలాగా మూలిగి, ఉన్న లైటు కాస్తా పోయింది. తిరపతయ్య ఫ్యూజులు మార్చాడు. కన్ను కొట్టింది. కొత్త లైటు తీసి మళ్ళీ పెట్టాడు. కన్ను కొట్టింది. పక్కూరు పోయి ఇంకో లారీ బ్యాటరీ అడిగి తెచ్చి పెట్టాడు. ఇంకా బాగా కన్ను కొట్టింది. ఇది దిష్టేనని గుమ్మడికాయ కొట్టాడు, ఆ ముక్కలు తొక్కి తనే జారిపడ్డాడు. అంకమ్మ చూసి చూసి, ఏందయ్యా, శని ఆదివారాలు రెండూ అయిపాయె, మీరావలి మామని పిలిస్తే నీ సొమ్మేం పోద్ది అంది. నా లారీ మీద ఇంకోడి చెయ్యా అన్నాడు. అయితే బుధవారం నించి నువ్వూ నీ లారీ ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకోండి, నేను కూలికి పోతా అంది. ఆ మాట తగిలింది మడిసికి. లేచి పోయి పిలుచుకొచ్చాడు.

మీరావలి సాయిబు నలభై ఏళ్ళ నించి లారీల కరెంటు పని చేసినోడు. ఆయన దగ్గర మీటర్లూ గీటర్లూ లేవు, ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు, అంతే. ఒక వైరు బ్యాటరీ మీద పెట్టాడు, రెండోది ఆ బోల్టు మీద పెట్టాడు. బల్బు వెలగలా. జేబులోంచి ఆకురాయి తీసి పక్కన ఛాసిస్ మీద ఒక్క గీత గీశాడు. తిరపతయ్య, మామోయ్ అని కేకేశాడంట, తన వీపు మీద గీసినట్టు. ఆ గీత మీద వైరు పెడితే బల్బు భగ్గుమంది. చూశావా అల్లుడా అన్నాడు మీరావలి. కరెంటు పోవటానికి నువ్వు రోడ్డేశావు, తిరిగి ఇంటికి రావటానికి దారి లేకుండా రంగుతో గోడ కట్టావు. ఆ ఇనుమేరా దాని దారి. దారి మూస్తే అదేం చేసుద్ది, పక్కోళ్ళ దొడ్లోంచి దూకి వస్తది. ఇండికేటరు ఇంట్లో దూరితే ఇండికేటరు వెలుగుద్ది, హారను ఇంట్లో దూరితే అది మూలుగుద్ది. దీనికి దయ్యమూ లేదు, దిష్టీ లేదు అని చెప్పి, బోల్టు ఊడదీసి, దాన్నీ దాని చుట్టూ ఉన్న చోటునీ తెల్లగా మెరిసేదాకా గీకి, నల్లవైర్లు పెట్టి బిగించాడు. లైటేస్తే పట్టపగలే కళ్ళు జిగేలుమన్నయ్. అంకమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. తిరపతయ్య మాత్రం లైట్లు చూడలా, గీకిన చోటే చూస్తన్నాడు.

మీరావలి అటు పోయాడో లేదో, ఈయన మనసు పీకటం మొదలుపెట్టింది. బోడి ఇనుము, వానొస్తే తుప్పు పట్టదా, తుప్పు పడితే మళ్ళీ లైట్లు పోవా? లైట్ల మంచికే కదా అని తనకి తనే చెప్పుకుని, బోల్టు ఊడదీసి, లోపలా బయటా రెండు పూతల రంగేసి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ చక్కగా బిగించాడు. బిగించినోడు ఒకసారి లైటేసి చూసుకోవాలా వద్దా? చూసుకోలా. పొద్దున వెలగటం చూశాడుగా, ఇంకెందుకనుకున్నాడు.

మంగళవారం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయారు. లారీల వరసలో ఈయన లారీ పెళ్ళికొడుకులాగా మెరిసిపోతంది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఎదురుగా నిలబడి, లైటెయ్, ఇండికేటరెయ్ అన్నాడు. ఏశాడు. లారీ కన్ను కొట్టింది. ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూసి, ఏందయ్యా, నీ లారీ నాకు కన్ను కొడతంది అన్నాడు. వరసలో ఉన్న డ్రైవర్లంతా గొల్లున నవ్వారు. మజ్జానంలోగా బాగుచేసుకుని రా, లేకపోతే మళ్ళీ వారమే అని పక్క లారీకి పోయాడు. తిరపతయ్య పక్కకి పోయి మీరావలికి ఫోన్ చేశాడు. అల్లుడా, నేను గీకిన చోట ఏమన్నా చేశావా? ఏం చెయ్యలా మామా. నిజం చెప్పు. కాస్తంత రంగేశా. మీరావలి, నువ్వేసిన రంగు నువ్వే గీకు, నేను రాను, నాకు వయసైపోయింది అని పెట్టేశాడు. తిరపతయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని లారీ కింద పడుకున్నాడు. గీకతన్నాడు, ఏడుస్తన్నాడు, ఎర్రపొట్టు కళ్ళల్లో పడతంది, ఏడుపు రంగుకో పొట్టుకో తెలవటంలా. గీకి బిగించి లైటేస్తే, దేవుడి దయ, తెల్లగా వెలిగినయ్.

మజ్జానం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లైటు బాగుంది, కాస్త కిందకి వంచు, ఎదురొచ్చేవాడి కళ్ళు పోతయ్ అన్నాడు. వంచాడు. బ్రేకు చూశాడు, హారను చూశాడు, అన్నీ బాగున్నయ్. ఇంక సంతకం పెట్టడమే, తిరపతయ్య ఊపిరి పీల్చుకుంటన్నాడు, అప్పుడు ఏమన్నాడంటే, ఛాసిస్ నెంబరు చూపించు, కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోవాల అన్నాడు. చూపించటానికి యాడుంది? ఇనుము మీద పొడిచిన అంకెల్లో నాలుగు దసరాల రంగు నిండి, చెయ్యి పెడితే గచ్చులాగా నున్నగా ఉంది. గీకు అన్నాడు ఇన్‌స్పెక్టరు. తిరపతయ్య అక్కడే చతికిలబడి, నావల్ల కాదే అంకమ్మా, నువ్వే గీకు అని మొహం పక్కకి తిప్పుకున్నాడంట. అంకమ్మ కొంగు బిగించింది. స్క్రూడ్రైవరు తీసుకుంది. అది గీకటం కాదమ్మా, ఆరేళ్ళ కసి. మొదటి అంకె తేలింది, ఆయన అబ్బా అన్నాడు. రెండో అంకె తేలింది, అబ్బా అన్నాడు. ఇన్‌స్పెక్టరు, చాలమ్మా, నెంబరు కనపడతంది, ఇంక ఆపు అంటే కూడా ఆమె ఆపలేదంట, ఇంకో జానెడు గీకింది.

కాయితం వచ్చింది, బుధవారం లోడింగుకీ పోయాడు. ఆ మూడు నెల్లూ లారీ ఒక్కరోజు నిలబడలా. కాకపోతే ఇప్పటికీ తిరపతయ్య డ్రైవరు తలుపు నించి ఎక్కనే ఎక్కడంట. ఆ పక్కనే కదా నెంబరు, రంగేస్తే మళ్ళీ గీకాల, ఎయ్యకపోతే ఆ బోడి ఇనుము కళ్ళబడుద్దని, ఇటుపక్క తలుపు తీసి, సీట్లన్నీ దాటుకుంటా పోయి కూర్చుంటాడు. పిచ్చంటారు మీరు. పిచ్చే, నేనేం కాదన్లా. ఇట్టాంటోడు ఊరికొకడు లేకపోతే రంగుల కొట్టోళ్ళు ఏం తిని బతుకుతారు చెప్పండి. లేవండి లేవండి, నా పొయ్యి మీద ఎసరు ఎప్పుడో మరిగిపోయి ఉంటది.