పనికిరాని గొంతులు

హైదరాబాద్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ముగించుకుని గ్లోరీ ఆ సాయంత్రమే చౌటుప్పల్ వచ్చింది. మందుల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చిన తండ్రి కురుమయ్య బూట్లు విప్పకముందే అడిగాడు.

“నౌకరి ఇస్తమన్నరా బిడ్డా?”

“ఇస్తమన్నరు. నేనే వద్దన్న.”

“గదేంది? షిఫ్టుల అందరికి చెప్పుకున్న గదనే.”

“తెలుగుల అడిగితే జవాబు చెప్పే ఫోన్ తయారుచేస్తున్నరు బాపు. జనం మాట్లాడిన రికార్డింగులు విని, పనికొచ్చేటివి ఏరుడు నా పని. ఒక అవ్వ ‘మనుమనికి జరమొచ్చింది, దవాఖాన ఏడుంది’ అని అడిగింది. నేను మంచిగుందని పెట్టిన. మా సారు తప్పు తెలుగని తీసేసిండు.”

“అండ్ల తప్పేముంది?”

“గదే అడిగిన. ‘ముందు నువ్వు సరైన తెలుగు నేర్చుకో’ అన్నడు. అందరు నవ్విన్రు. మన దిక్కు మాటలన్నీ నా చేతులతోనే తీసేపిచ్చిండు.”

ఆ నవ్వు గుర్తొచ్చి గ్లోరీకి ఒళ్లు మండింది.

“నౌకరిల చేరితె రోజూ గదే పని. నాతోని కాదని ఆళ్ల మొఖం మీదనే చెప్పొచ్చిన.”

కురుమయ్య బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

“నాకు జరమొచ్చి గా ఫోన్‌ను అడిగితె ఏమంటది?”

“నీ మాట సమజ్ కాలేదంటది.”

“నా మాట ఇననిదాన్ని నా బిడ్డ తయారుచెయ్యాల్నా? మంచిగ చెప్పొచ్చినవ్. లే, అన్నం తిందాం.”